వయసు మీరిన నడుము, విడువరాని పనిబల్ల



విజయవాడలోని మా ఇంటి వెనుక వసారాలో ఒక పాత టేకు తలుపును రెండు ఇటుక దిమ్మెల మీద పరచి పనిబల్లగా చేసుకొన్నాను. దాని మీద ఒక వైస్, నాలుగు ఉలులు, రెండు ఆకురాళ్లు, ఒక సోల్డరింగ్ ఐరన్, డబ్బాల నిండా మరమేకులు ఉంటాయి. పదవీ విరమణ తరువాత నా ఉదయాలు చాలావరకు అక్కడే గడుస్తున్నాయి. తిరగని టేబుల్ ఫ్యానులు, మూగబోయిన రేడియోలు, కాళ్లు వదులైన కుర్చీలు నేటి నా రోగులు. డెబ్బది దాటిన నా నడుము మాత్రం ఈ వైద్యానికి అప్పుడప్పుడు అభ్యంతరం చెపుతూ ఉంటుంది.

నిరుటి వేసవిలో ఒక నీటి మోటారును నేల మీద నుండి బల్ల మీదకు చేర్చబోయి, వంగినవాడిని వంగినట్లే నిలిచిపోయాను. మా ఇంటావిడ పట్టుకొని మంచం దాకా నడిపించింది. సాయంత్రం దూరదేశం నుండి మా అబ్బాయి ఫోను చేశాడు. "నాన్నా, ఈ వయసులో మీకెందుకివన్నీ? ఆ సామానంతా పాత ఇనుము వాడికి ఇచ్చేయండి" అన్నాడు. ప్రేమతో అన్న మాటే. అయినా అది నన్ను నొప్పి కంటె ఎక్కువగా కలత పెట్టింది. ఎందుకనగా, ముప్పది సంవత్సరాల క్రితం అదే మాటను వైద్యుని హోదాలో నేను మరొకరికి చెప్పాను. ఆ సలహా తప్పని ఒప్పుకొనడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కొండపల్లి నుండి వచ్చిన రోగి

కొండపల్లి బొమ్మలు తెలియని తెలుగువారు ఉండరు. అవి తయారయ్యే తీరు అందరూ చూసి ఉండకపోవచ్చు. తెల్ల పొణికి అనే తేలికపాటి కర్రను తేమ పోయేటట్లు ఆరబెడతారు. తల, చేతులు, మొండెం వేరువేరుగా చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూత వేసి, ఆ తరువాత రంగులు అద్దుతారు. అంబారీ ఏనుగైనా, తాడిచెట్టెక్కే గీతకార్మికుడైనా ఇలాగే పుడతారు. ఈ పనిలో అధిక భాగం నేల మీద కూర్చొని, మెడను నడుమును ముందుకు వంచి, గంటల తరబడి చేసేది.

1992 ప్రాంతంలో అరువది ఏళ్లకు దగ్గరపడిన ఒక బొమ్మల కళాకారుడు నడుమునొప్పితో నా వద్దకు వచ్చారు. ఎక్స్‌రే తీయించాను. వెన్నుపూసల అంచులలో ముళ్ల వంటి ఎముక పెరుగుదలలు, వాటి నడుమ ఇరుకైన సందులు కనిపించాయి. "ఎముకలు అరిగిపోయాయి. మూడు వారాలు మంచం దిగకండి. ఆ తరువాత కూడ నేల మీద కూర్చోవద్దు, బొమ్మల పని మానేయండి" అని చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "మరి చేతులకేం కాలేదు కదండీ?" అని అడిగారు. నవ్వి ఊరుకొన్నాను. అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదని అప్పుడు నాకు తోచలేదు.

ఆరు మాసాల తరువాత ఆయన మరల వచ్చారు. తొడలు సన్నబడ్డాయి. కుర్చీలో నుండి లేవడానికి చేతుల ఊతం కావలసి వచ్చింది. "నొప్పి ఎలా ఉంది?" అంటే, "నొప్పి అట్లాగే ఉందండీ, చేతిలో పనే లేదు" అన్నారు. నా సలహాను అక్షరాలా పాటించిన రోగి ఆయన. పాటించకుండా ఉన్నట్లయితే మెరుగుగా ఉండేవారని నేడు నా నమ్మకం.

చిత్రాలు చూసి భయపడవద్దు

మన వెన్నులోని పూసల నడుమ మెత్తని చక్రికలు ఉంటాయి. వీటినే మనం డిస్కులంటాం. ప్రతి చక్రికకు నడుమ నీటితో నిండిన జిగురు వంటి పదార్థం, చుట్టూ గట్టి నార వలయాలు ఉంటాయి. వయసుతో పాటు ఆ నీరు తగ్గుతుంది, చక్రిక పలుచబడుతుంది, కొన్నిచోట్ల వెలుపలికి ఉబ్బుతుంది. జుట్టు నెరవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

దీనికి మంచి ఆధారం ఉంది. నడుమునొప్పి ఏ మాత్రం లేని 3,110 మందికి తీసిన స్కానింగు చిత్రాలను, 33 పరిశోధన పత్రాల నుండి సేకరించి, 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరువది ఏళ్ల వారిలోనే నూటికి 37 మందికి చక్రికల అరుగుదల కనిపించింది. అరువది ఏళ్ల వారిలో 88 మందికి, ఎనుబది ఏళ్ల వారిలో 96 మందికి కనిపించింది. చక్రిక ఉబ్బు అరువది ఏళ్ల వారిలో నూటికి 69 మందికి ఉంది. వీరెవ్వరికీ నొప్పి లేదని మరువకండి.

కనుక మీ ఎం.ఆర్.ఐ. నివేదికలో "అరుగుదల", "ఉబ్బు" అనే మాటలు ఉన్నంత మాత్రాన మీ వెన్ను విరిగిపోయే స్థితిలో ఉందని తలచవద్దు. నా కొండపల్లి రోగి విషయంలో నేను చిత్రానికి వైద్యం చేశాను, మనిషికి చేయలేదు.

మంచం ఔషధం కాదు

నాటి కాలంలో నడుమునొప్పికి మంచంలో విశ్రాంతి సర్వసాధారణమైన సలహా. కాని దానిని ప్రశ్నించిన పరిశోధన అప్పటికే వెలువడింది. 1986లో అమెరికాలో రిచర్డ్ డెయో బృందం కొందరికి రెండు దినాల విశ్రాంతి, మరికొందరికి ఏడు దినాల విశ్రాంతి సూచించి చూసింది. నొప్పి తగ్గడంలో తేడా లేదు. రెండు దినాల వారు పనికి తక్కువ రోజులు దూరమయ్యారు. 1995లో ఫిన్లండులో హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిపై జరిగిన పరిశీలనలో, నొప్పి అనుమతించిన మేరకు మామూలు పనులు చేసుకొన్నవారే అందరికంటె త్వరగా కోలుకొన్నారు. మంచాన ఉన్నవారు అందరికంటె ఆలస్యంగా కోలుకొన్నారు.

వృద్ధులకు మంచం మరింత ప్రమాదకరం. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరోగ్యవంతులైన వృద్ధులు పది దినాలు మంచంలో ఉన్నంతలోనే వారి కాళ్ల కండలో సుమారు ఒక కిలో తరిగిపోయింది. నేను మూడు వారాలు పడుకోబెట్టిన మనిషి తొడలు ఏమై ఉంటాయో మీరే ఊహించండి. యువకులు పోయిన కండను తిరిగి కూడగట్టుకొంటారు. అరువది దాటినవారికి అది బహు కష్టం.

హఠాత్తుగా పట్టేసినప్పుడు ఒకటి రెండు దినాలు తగ్గి ఉండండి, తప్పు లేదు. ఆ రెండు దినాలలో కూడ గంటకొకసారి లేచి ఇంట్లో నాలుగడుగులు వేయండి. నీటి మోటారు ఉదంతం తరువాత నేను చేసినది అదే. మూడవ దినం బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడి ఒక రేడియో మూత విప్పాను. పదవ దినానికి గంటసేపు పని చేయగలిగాను.

బల్ల ఎత్తు, బరువు లెక్క

పని మానకూడదంటే, పాత పద్ధతిలోనే చేయమని అర్థం కాదు. నొప్పికి తగినట్లు పనిని మార్చుకోవాలి. ఎక్కడ మార్చాలో తెలియడానికి ఒక ప్రయోగం చెపుతాను.

1999లో జర్మనీకి చెందిన హాన్స్ యోఆకిం విల్కె బృందం, ఒక ఆరోగ్యవంతుడైన వ్యక్తి నడుము చక్రికలోనికి సూక్ష్మమైన పీడన మాపకాన్ని పంపి, రోజంతా వివిధ భంగిమలలో ఒత్తిడిని కొలిచింది. నిటారుగా నిలుచున్నప్పటి ఒత్తిడిని ఒకటి అనుకొంటే, పడుకొన్నప్పుడు అందులో ఐదవ వంతు. నిలబడి బాగా ముందుకు వంగినప్పుడు రెండింతలకు పైన. నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తినప్పుడు నాలుగున్నర రెట్లు. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే మూడున్నర రెట్లకు లోపు. వదులుగా కూర్చొన్నప్పటి ఒత్తిడి నిలుచున్నప్పటి దానికి ఇంచుమించు సమానమే. కొలిచినది ఒక్క మనిషిలోనే, పైగా ఒత్తిడి, నొప్పి ఒకటి కావు. అయినప్పటికీ నేర్చుకోవలసినది స్పష్టంగా ఉంది. కూర్చోవడం దోషం కాదు. వంగి ఉండిపోవడం, వంగి బరువెత్తడం దోషాలు.

మన ఇళ్లలో పనిబల్లలు దొరికిన కర్రను బట్టి, దొరికిన ఇటుకలను బట్టి తయారవుతాయి. మనిషి మోచేతిని ఎవరూ కొలవరు. మీరు బల్ల ముందు చెప్పులతో నిటారుగా నిలబడి, మోచేతిని వంచి, నేల నుండి మోచేయి ఎంత ఎత్తున ఉందో ఇంకొకరిచేత కొలిపించుకోండి. గడియారం విప్పడం, సన్నని తీగలు అతకడం వంటి సూక్ష్మమైన పనులకు బల్ల మోచేతి కంటె 5 నుండి 10 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి, మోచేతులకు ఆనిక ఉండాలి. స్క్రూలు బిగించడం వంటి తేలిక పనులకు 10 నుండి 15 సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి. రంపం కోత, చిత్రిక పట్టడం వంటి బలమైన పనులకు అంతకంటె కిందికి ఉండవచ్చు. నా తలుపు బల్ల నా మోచేతికి ఒక జానెడు కింద ఉందని కొలిచిన తరువాతనే తెలిసింది. ఇరువది ఏళ్లు రోగులకు భంగిమల గూర్చి ఉపన్యసించినవాడిని, నా బల్లను నేను కొలుచుకోలేదు. దిమ్మెల మీద మరి రెండు వరుసల ఇటుకలు పెట్టించాను. సూక్ష్మమైన పనికి బల్ల మీద ఒక చిన్న పీట వేసుకొంటాను.

నిలబడి పని చేసేటప్పుడు ఒక పాదాన్ని తక్కువ ఎత్తు పీట మీద ఉంచి, కొంతసేపటికి మార్చుకోండి. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసేవారివలె, ఇరువది నిమిషాలకొకసారి మీ భంగిమను గమనించుకోండి. లేచి, రెండు చేతులు నడుము మీద ఆనించి, మెల్లగా వెనుకకు ఐదారుసార్లు వంగండి. బరువైన వస్తువులను నేల మీద పెట్టవద్దు. తొడల ఎత్తులో ఒక అర ఏర్పరచుకొని దాని మీదనే ఉంచండి. మోటారును నేల మీద పెట్టడమే నా తప్పు, ఎత్తడం దాని పర్యవసానం.

మరొక విషయం. రాత్రి పడుకొన్నప్పుడు చక్రికలు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. అందువలన నిద్ర లేవగానే నడుము బిగుసుకొని ఉంటుంది. లేచిన మొదటి రెండు గంటలు ముందుకు వంగకుండా జాగ్రత్తపడినవారికి నొప్పి తగ్గినట్లు 1998లో స్టోవర్ స్నూక్ బృందం ప్రచురించింది. ఖర్చు లేని వైద్యం ఇది. పొద్దున్నే కాఫీ, వార్తాపత్రిక, నడక ముగించి, ఆ తరువాతనే బల్ల దగ్గరకు వెళ్లండి.

కళ్లు చేసే మోసం

వృద్ధులు వంగేది చాలాసార్లు నడుము వలన కాదు, చూపు వలన. ఇరువది ఏళ్ల కంటితో పోల్చితే అరువది ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు సుమారు మూడవ వంతు మాత్రమే. వసారాలో ఒక్క బల్బు వెలుగుతుంటే వస్తువు కనిపించదు, మనం దాని మీదకు వాలిపోతాం. బల్లకు పక్కనుండి పడేటట్లు మంచి దీపం పెట్టండి. రెండు చూపుల కళ్లజోడు కింది భాగం పుస్తకం దూరానికి కుదిర్చినది, బల్ల దూరానికి కాదు. కంటి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మీ కంటికి, పనికి మధ్య దూరాన్ని కొలిచి తీసుకొని వెళ్లి, దానికొక విడి జోడు వ్రాయించుకోండి. నా నడుమునొప్పిలో కొంత భాగం కళ్లజోడుతోనే తగ్గిందంటే మీరు నమ్మాలి.

పట్టీలు, మాత్రలు, నడక

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుమునొప్పితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెపుతున్నది. దీర్ఘకాలిక నడుమునొప్పికి ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ప్రకటించింది. వ్యాయామం, అవగాహన మొదలైన వాటిని సూచించి, నడుము పట్టీలను, లాగుడు వైద్యాన్ని నిత్యచికిత్సగా వాడవద్దన్నది.

నొప్పి మాత్రల విషయంలో గట్టిగా చెప్పక తప్పదు. మందుల దుకాణంలో "నడుమునొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడిగి, డైక్లోఫినాక్ వంటివి నెలల తరబడి మింగుతున్నవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. రక్తపోటు, మధుమేహం ఉన్న వృద్ధులలో ఈ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు, జీర్ణాశయంలో పుండ్లు పుట్టించగలవు, రక్తపోటును పెంచగలవు. వైద్యుడు చెప్పిన కొద్ది దినాలకు మాత్రమే, చెప్పిన మోతాదులోనే వాడండి. ఏమున్నదో తెలియని పొడులు, పేరులేని గుళికలు అసలు ముట్టవద్దు.

నడకను మించిన మందు నాకు తెలియదు. ఆస్ట్రేలియాలో, నడుమునొప్పి వచ్చి తగ్గిన 701 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. క్రమంగా నడక పెంచుకొన్నవారిలో నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 దినాలు పట్టింది. నడవనివారిలో 112 దినాలే. విజయవాడ వారికి నడవడానికి చోటు లేదనే సాకు చెల్లదు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్యగానే పోతున్నాయి. వేసవిలో మాత్రం ఎండ ఎక్కకముందే నడక ముగించండి. దానితోపాటు దినానికి రెండు పర్యాయాలు, చేతుల ఊతం లేకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోండి. తొడలు బలంగా ఉంటే వంగడానికి బదులు మోకాళ్లు వంచగలుగుతారు.

వెంటనే వైద్యుని చూడవలసిన లక్షణాలు

ఇంతవరకు చెప్పినది మామూలు నడుమునొప్పి గూర్చి. ఈ కింది లక్షణాలలో ఏది ఉన్నా ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

మూత్రం బిగియడం లేదా తెలియకుండా పోవడం, మలంపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం: ఇవి అత్యవసర స్థితి, ఆ దినమే వెళ్లాలి. పాదం వేలాడిపోవడం, కాలు నానాటికి బలహీనపడడం. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకొన్నా వదలని నొప్పి. మన దేశంలో వెన్నుపూసల క్షయ ఇంకా ఉన్నది, అది ఇలాగే మొదలవుతుంది. గతంలో ఏదైనా పుట్టకురుపు ఉన్నవారికి కొత్తగా నడుమునొప్పి రావడం. చిన్నగా జారిపడిన తరువాత, లేదా స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి. ఎముకలు గుల్లబారిన వృద్ధులలో, ముఖ్యంగా స్త్రీలలో, ఇది వెన్నుపూస విరుగుడు కావచ్చు.

ఎంచుకొనే వీలు లేనివారు

ఒక మాట చెప్పకుండా ముగిస్తే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. నా బల్ల నా ఇష్టం. ఇరువది నిమిషాలకొకసారి లేవగలను, నొప్పి వస్తే రేడియోను రేపటికి వాయిదా వేయగలను. బొమ్మకింత అని కూలి తీసుకొనే కొండపల్లి కళాకారునికి ఆ స్వేచ్ఛ లేదు. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవారు, మంగళగిరి మగ్గాల మీద కూర్చొనేవారు, ఆటోనగరులో లారీల కింద దూరేవారు, డెల్టా చేలలో నాట్లు వేసే స్త్రీలు అందరూ వంగిన నడుములతోనే మనకు కావలసినవి అందిస్తున్నారు. లేచి నిలబడిన ప్రతి నిమిషం వారికి కూలి నష్టం. వారితో "పని మానండి" అనడం క్రూరత్వం. "గంటకొకసారి లేవండి" అని ఊరుకోవడం కూడ సగం సలహాయే.

చేతివృత్తుల వారికి ప్రభుత్వాలు, సహకార సంఘాలు కట్టించే షెడ్లలోను, శిక్షణ కేంద్రాలలోను కప్పు, విద్యుత్తు, యంత్రాలతో పాటు ఎత్తు మార్చుకోగల పనిబల్ల, ఆనుకొనే పీట, పక్కనుండి పడే దీపం కూడ లెక్కలో చేరాలని నా అభిప్రాయం. వీటి ఖర్చు ఒక స్కానింగు ఖర్చును మించదు. నేల మీద కూర్చొని చేయడమే అలవాటైన పనివారిని ఒక్కసారిగా నిలబెట్టమని అనడం లేదు. బొమ్మను ఒళ్లో నుండి ఒక జానెడు పైకెత్తే ఎత్తుపీట చాలు, మెడ వంపు తగ్గుతుంది. పనివారినే అడిగి తయారు చేయించాలి. మనం తోచినట్లు చేయించి ఇస్తే అది మూలన పడుతుంది. వైద్యులమైన మనం కూడ రోగిని "ఏ పని చేస్తారు?" అని అడగడంతో ఆగకుండా, "ఎలా కూర్చొని చేస్తారు? ఒకసారి చేసి చూపండి" అని అడగాలి. 1992లో నేను ఆ మాట అడిగి ఉంటే, ఆయన గది నేల మీద కూర్చొని చూపించేవారు. రెండు నిమిషాల పని.

ఇక ఇంట్లో పెద్దలున్న పిల్లలకు ఒక విన్నపం. మీ నాన్నగారి ఉలులను, మీ అమ్మగారి కుట్టుమిషనును పాతసామానుకు వేయవద్దు. వచ్చే సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు ఒక టేపు తీసుకొని వారి మోచేతి ఎత్తు కొలవండి, బల్ల సరిచేయించండి, ఒక మంచి దీపం బిగించండి, బరువైనవి మీరే ఎత్తి పెట్టండి. మా అబ్బాయికి ఇదంతా వివరించాను. సంక్రాంతికి వచ్చినప్పుడు దిమ్మెలకు బదులు ఇనుప కాళ్లు చేయించి వెళ్లాడు. ఆ మోటారును కూడ వాడే ఎత్తి బల్ల మీద పెట్టాడు. అది ఇప్పుడు తిరుగుతున్నది.

ఈ వ్యాసం అవగాహన కొరకు మాత్రమే. మీ నొప్పికి మీ వైద్యుని సలహా తీసుకోండి.